మూడోసారి అడగని ఫోను

సత్యనారాయణరాజుగారు కోపంలో కూడా ఎదుటివాళ్ళని 'అండి' అనే అంటారు. ఒకసారి ఆయన రొయ్యల చెరువు మీద నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటరు మోటారు కాలిపోయింది. వైరు తప్పు కలిపిన ఎలక్ట్రీషియన్ని పిలిపించి, "మీరింత తెలివితక్కువ పని చేస్తారనుకోలేదండి, కూర్చోండి, మజ్జిగ తాగండి" అన్నారు. తనను తిట్టారో ఆదరించారో తేలక ఆ మనిషి సాయంత్రం దాకా గట్టు మీదే తచ్చాడాడు.

ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. ఉండి నుంచి ఆకివీడు వెళ్ళే దారిలో పన్నెండెకరాల చెరువులు, గట్టు పక్కనే ఇల్లు. చదువు పదో తరగతి దగ్గర ఆగింది. తొమ్మిది నెలల కిందట మెర్సీ టీచరుగారి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరారు. రొయ్యల రక్తం, నీళ్ళు పరీక్ష చేసిన కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. వాటిలో ఏముందో చెప్పమని ఎవరో ఒకరి మొహంలోకి చూస్తూ నిలబడడం ఆయనకి నచ్చలేదు. నేనూ ఆ క్లాసులోనే, ఆయన పక్క కుర్చీలో. ఉండి సెంటర్లో నాకు ఫోటో స్టూడియో ఉంది. వీసా ఫోటోకి వచ్చినాయన ఏ సైజు కావాలో ఇంగ్లీషులో వివరంగా చెబితే, అంతా అర్థమైనట్టు తలాడించి, మామూలు పాస్‌పోర్టు సైజు తీసిచ్చాను. అలా రెండుసార్లు అయ్యాక నేనూ ఫీజు కట్టేశాను. రాజుగారు నన్ను పేరుతో పిలవరు. 'స్టూడియోగారూ' అంటారు.

ఆయన భార్య అలివేలుమంగగారు. చెరువులో మేత వేశాక, రొయ్యలు తిన్నాయో లేదో చూడ్డానికి నీళ్ళలో చిన్న వల పళ్ళేలు దించుతారు. కాసేపాగి పైకి తీసి, అందులో పడ్డ రొయ్యని వెలుతురుకి పట్టుకుంటే వీపులో సన్నటి పేగు గీత కనిపిస్తుంది. గీత నిండుగా ఉంటే తిన్నట్టు, తెగి తెగి ఉంటే జబ్బు మొదలైనట్టు. ఆ చుట్టుపక్కల ఆవిడంత బాగా ఆ గీత చదివేవాళ్ళు లేరు. పక్క చెరువులవాళ్ళు కూడా గిన్నెలో రొయ్యలు పట్టుకొచ్చి ఆవిడ ముందు పెట్టేవారు. అదీ ఒంటికన్నుతోనే. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమకన్ను పోయింది. నీడలు తప్ప ఏమీ తెలియదు.

ఆ మిగిలిన కంటికి దసరా వెళ్ళాక మసక కమ్మింది. భీమవరంలో కంటి డాక్టరు చూసి, చుక్కలు వెయ్యమని ఆవిడని నర్సు వెంట పంపి, రాజుగారికి అసలు సంగతి చెప్పారు. నల్లగుడ్డు మీద మచ్చ పడింది, లోపలికి పాకుతోంది. ఇది బాగుచెయ్యగల డాక్టరు చెన్నైలో ఒకాయన ఉన్నారు. కొత్తవాళ్ళని బుధవారాలు మాత్రమే చూస్తారు. ఈ నెలాఖరుకి విదేశం వెళ్ళి మూడు నెలలకి గాని రారు. ఈలోపే చూపించకపోతే కుడికన్ను కూడా దక్కదు.

బయటికొచ్చి రాజుగారు భార్యతో, "ఏం లేదటండి, దుమ్ము పడిందట, ఓసారి చెన్నైలో చూపించుకుంటే మంచిదన్నారు" అని చెప్పారు.

ఆ డాక్టరుగారి అపాయింట్‌మెంటు కంప్యూటర్లో దొరకదు. పొద్దున్న తొమ్మిది నుంచి పది వరకు ఫోనులో ఇస్తారు, అంతే. మెర్సీ టీచరుగారు ఆ వేళకి బడిలో పాఠం చెబుతూ ఉంటారు. రాజుగారి అమ్మాయి మంజుషకి ఇంగ్లీషు బాగా వచ్చు గానీ, ఆవిడకి చెబితే అరగంటలో తల్లికి తెలుస్తుంది. ఇంటి దగ్గర్నుంచి చేస్తే భార్య వింటారు. గట్టు మీద నుంచి చేస్తే ఏరియేటర్ల హోరులో ఏమీ వినిపించదు. అందుకని మా స్టూడియో లోపలి గదిని ఎంచుకున్నారు. తలుపేస్తే చప్పుడుండదు.

సోమవారం తొమ్మిదికి అయిదు నిమిషాలుందనగా వచ్చారు. ఇస్త్రీ చొక్కా, తడి ఆరని తల. చేతిలో నోటు పుస్తకం. అందులో నాలుగు పేజీల నిండా తెలుగు అక్షరాల్లో ఇంగ్లీషు మాటలు. వాళ్ళు ఇలా అంటే మనం ఇలా అనాలి, అలా అంటే అలా అనాలి అని మెర్సీ టీచరుగారు దిద్దిచ్చినవి. స్టూలు జరిపాను. ఆడవాళ్ళెవరైనా ఎత్తుతారేమో, కూర్చుని మాట్లాడితే బాగుండదని నిలబడే, స్పీకరు పెట్టి చేశారు.

తమిళానికి ఒకటి, ఇంగ్లీషుకి రెండు, హిందీకి మూడు, తెలుగుకి నాలుగు నొక్కమంది ఫోను. తెలుగు కూడా ఉందని మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. నాలుగు నొక్కారు. వీణ మోగింది. నిమిషానికోసారి వీణ ఆగి, మా సిబ్బంది ఇతర రోగుల సేవలో ఉన్నారు, మీ కాల్ మాకెంతో ముఖ్యం, దయచేసి లైన్లో ఉండండి అని ఒక గొంతు బతిమాలేది. అది మనిషి కాదని తెలిసి కూడా రాజుగారు ప్రతిసారీ, "పర్లేదండి, వాళ్ళనే చూడమనండి" అంటూ వచ్చారు. యాభై తొమ్మిది నిమిషాలు అలా గడిచాక వీణ మధ్యలో తెగింది. పది దాటింది.

"రేపు రెండు నొక్కుదామండి" అన్నారు రాజుగారు. భుజం మీద తువ్వాలు తీసి, మడత విప్పి, మళ్ళీ అదే మడత పెట్టారు. ఆయన విసుగు అంతవరకే బయటపడుతుంది.

మంగళవారం రెండు నొక్కారు. పన్నెండు నిమిషాలకి ఒకమ్మాయి పలికింది. గొంతు చురుగ్గా ఉంది. రాజుగారు పుస్తకం చూడకుండానే గుడ్ మార్నింగ్ చెప్పి, మేడమ్ ఎలా ఉన్నారు, ఇంట్లో అందరూ కులాసానా, టిఫిను అయిందా అని ఇంగ్లీషులో వరసగా అడిగారు. ఆ అమ్మాయి, అయింది సర్, విషయం చెప్పండి అంది. పేరు చెప్పారు. ఇంటిపేరు ముందా వెనకా అని అడిగింది. వయసు, ఊరు, భీమవరం డాక్టరు రాసిచ్చిన చీటీలో జబ్బు పేరు. ఒక్కో అక్షరం చెప్పేటప్పటికి ఆయన మెడ వెనక చొక్కా తడిసింది. అయినా ఎక్కడా తప్పిపోలేదు. నేనైతే అలివేలుమంగ అనే పేరు దగ్గరే ఫోను పెట్టేసేవాణ్ణి.

చివరికి ఆ అమ్మాయి, పన్నెండో తారీకు బుధవారం పదకొండు ఇరవైకి ఖాళీ ఉంది, రాసెయ్యమంటారా అంది.

రాజుగారి మొహం విప్పారింది. కుడిచెయ్యి ముందుకి చాపి, అరచెయ్యి అడ్డంగా ఆడిస్తూ, "నో నో మేడమ్, వై ట్రబుల్ టు యూ" అన్నారు.

అవసరం లేదా సర్ అంది ఆ అమ్మాయి.

"నాట్ నీడెడ్, నాట్ నీడెడ్" అన్నారు రాజుగారు, ఇంకా నవ్వుతూనే.

సరే సర్, ఫోన్ చేసినందుకు థాంక్స్ అంది. ఫోను పెట్టేసింది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. పక్కనే నిలబడి ఇదంతా విన్నవాణ్ణి. నాకు తేడా ఏమీ అనిపించలేదు. పైగా ఎంత మర్యాదగా మాట్లాడారో అనుకుని, బాగా మాట్లాడారండి అని మెచ్చుకున్నాను కూడా. ఆయన ఫోను జేబులో పెట్టుకోలేదు. అరచేతిలోనే ఉంచుకున్నారు.

"ఇప్పుడు వాళ్ళే మళ్ళీ చేస్తారండి" అన్నారు.

పదిన్నర అయింది. పదకొండయింది. మధ్యలో ఒక పెళ్ళి ఆల్బమువాళ్ళు వచ్చి వెళ్ళారు. ఫోను ఒకసారి మోగితే ఇద్దరం దాని మీదికి వంగాం. మేత కంపెనీవాళ్ళు. మధ్యాహ్నం రాజుగారు భోజనానికి వెళ్తూ, పెద్ద ఆస్పత్రి కదా, సాయంత్రం తీరుబడిగా చేస్తారేమో అన్నారు. సాయంత్రం ఆయనే నాకు ఫోను చేసి, మీ నంబరుకి గాని చెయ్యలేదు కదండి అని అడిగారు.

బుధవారం ఈసారి మగగొంతు పలికింది. నిన్నటి అమ్మాయి ఏమీ రాసిపెట్టలేదు. పేరు, ఇంటిపేరు, వయసు, జబ్బు అన్నీ మొదట్నుంచి మళ్ళీ చెప్పాల్సొచ్చింది. అక్షరం అక్షరం. ఆయన తువ్వాలు మూడుసార్లు మడతలు మారింది. పన్నెండో తారీకు నిండిపోయిందన్నాడు అవతలాయన. పంతొమ్మిది మధ్యాహ్నం మూడూ నలభై ఉంది, కావాలా అన్నాడు.

నిన్న తాను కాస్త ముక్తసరిగా కాదన్నానని రాజుగారికి రాత్రంతా అనిపించిందట. ఈసారి పద్ధతిగా చెబుదామని మాటలు సిద్ధం చేసుకొచ్చారు. మాకంటే జబ్బు ఎక్కువగా ఉన్నవాళ్ళుంటే ముందు వాళ్ళకివ్వండి సర్, మేం ఎలాగో సర్దుకుంటాం అని ఇంగ్లీషులో తప్పులేకుండా చెప్పారు. తొమ్మిది నెలల్లో ఆయన మాట్లాడిన అతి పెద్ద వాక్యం అది.

అవతలాయన ఎంత సంతోషించాడో. మీలాంటి మంచి మనసు అందరికీ ఉండదు సర్ అన్నాడు. ఆ మెప్పుకి రాజుగారు సిగ్గుపడి నవ్వుతుండగా, ఆ మూడూ నలభై ఎవరికో రాసేసి, నమస్కారం చెప్పి పెట్టేశాడు.

నవ్వు ఆయన మొహం మీద కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత స్టూలు మీద కూర్చున్నారు. మూడ్రోజుల్లో ఆయన కూర్చోవడం అదే మొదలు.

"ఏంటండి వీళ్ళు?" అన్నారు. "ఒక్కమాట అంటే అలా వదిలేస్తారేంటండి? పిల్లనిచ్చేవాళ్ళనైనా, వడ్డించేవాళ్ళనైనా, ఇలా ఎక్కడైనా చూశామా?"

అప్పుడే నాకు భీమవరం డాక్టరుగారు చెప్పిందంతా చెప్పారు. ఆ వేళ పొద్దున్న అలివేలుమంగగారు పళ్ళెంలో రొయ్యని వెలుతురుకి పట్టుకుని, శుభ్రంగా తిన్నాయండి అన్నారట. రాజుగారికి కనిపిస్తూనే ఉంది, గీత ఖాళీగా ఉంది. కాదనకుండా ఆయ్ అన్నారట. ఆవిడ లోపలికెళ్ళాక ఆ చెరువు మేత తగ్గించారట.

ఆ సాయంత్రం క్లాసు. మెర్సీ టీచరుగారు నలభై అయిదేళ్ళ మనిషి. ఎవరు ఎంత తప్పు మాట్లాడినా నవ్వరు, అదే ఆవిడ క్లాసు నిండడానికి కారణం. రాజుగారి ఫోనులో మాటలన్నీ వాటంతటవే రికార్డవుతాయి. ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని మంగళవారంది విన్నారు, బుధవారంది విన్నారు. మధ్యలో ఒకసారి పెదవి కొరుక్కున్నారు.

"ఇంగ్లీషు చాలా బాగుందండి రాజుగారూ" అన్నారు. "కానీ మీరు వద్దన్నారండి."

"నేను వద్దనలేదండి. మర్యాదకి అన్నాను."

"వాళ్ళకది తెలీదు కదండి."

"రెండోసారి అడిగారు కదండి ఆ అమ్మాయి. మూడోసారి అడుగుతారని చూశాను."

"అక్కడ మూడోసారి ఉండదండి. ఒక్కసారే అడుగుతారు."

రాజుగారు ఆలోచనలో పడ్డారు. వాళ్ళింట్లో ఎవరు భోజనానికి కూర్చున్నా మొదటిసారి వడ్డించబోతే చాలంటారు. రెండోసారి విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతారు. మూడోసారి వడ్డించేవాళ్ళు ఆ చెయ్యి పక్కకి తోసి వడ్డిస్తారు. అడ్డం పెట్టకపోతే తినేవాళ్ళకి మర్యాద తెలీదని, తొయ్యకపోతే పెట్టేవాళ్ళకి మనసు లేదని అర్థం. అయిదేళ్ళ పిల్లలు కూడా అక్కడ మొదటిసారికే చెయ్యి చాపరు. మా ఇళ్ళలోనూ కొంచెం అటూ ఇటూగా ఇంతే. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరూ నేర్పలేదు కాబట్టి, అది ఇంకోచోట ఉండదని కూడా ఎవరికీ తోచలేదు.

టీచరుగారు పుస్తకం మూసేశారు. ఫ్లాస్కులోంచి కప్పులో టీ పోసి, ఇంగ్లీషులో, టీ తీసుకుంటారా అని ఆయనకి అందించారు. వద్దండి, ఇప్పుడే తాగొచ్చాను అన్నారాయన. ఆవిడ కప్పు వెనక్కి తీసుకుని నాకిచ్చారు. పరధ్యానంలో నేనూ వద్దండి అన్నాను. ఆవిడే తాగేశారు. మళ్ళీ పోశారు. రాజుగారు నోరు తెరిచి, "యె" అని, దాని వెంటే, "మీకు తక్కువవుతుందేమోనండి" అన్నారు. అదీ ఆవిడే తాగారు. నాలుగో కప్పుకి ఫ్లాస్కు ఖాళీ అయింది. ఆ రాత్రి తనకి నిద్ర పట్టలేదని టీచరుగారు తర్వాత చెప్పారు. చివరికి సంచీలోంచి బిస్కెట్లు తీసి ఒకటి చాపారు.

రాజుగారు నేల చూపులు చూస్తూ, "యెస్" అన్నారు. బిస్కెట్టు తీసుకున్నారు గానీ తినలేదు. తువ్వాలు కొసకి మూట కట్టుకున్నారు.

గురువారం మళ్ళీ రెండు నొక్కారు. మళ్ళీ వీణ. పది నిమిషాలు, ఇరవై, ముప్ఫై. మీ కాల్ మాకెంతో ముఖ్యం. రాజుగారు ఈసారి ఆ గొంతుకి జవాబివ్వలేదు. అంత ముఖ్యమైతే ఎత్తాలి కదండి అని నాతో అన్నారు, అదీ మెల్లిగా. ముప్ఫై అయిదు. నలభై. సందేశం వచ్చిన ప్రతిసారీ, ఎవరో ఎత్తారనుకుని ఆయన వీపు నిటారుగా అయ్యేది, మళ్ళీ వంగేది. తొమ్మిదీ యాభై అయింది. నాకే ఆ ఫోను లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది. అది ఆయన ఫోను కాబట్టి ఊరుకున్నాను.

యాభై రెండుకి ఒకావిడ పలికింది. కులాసా అడగలేదు రాజుగారు. టిఫిను అడగలేదు. పేరు, అక్షరాలు, వయసు, జబ్బు రెండు నిమిషాల్లో చెప్పేశారు. అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది.

ఇరవయ్యారు బుధవారం, పొద్దున్న ఏడూ పది. ఇదొక్కటే మిగిలింది సర్, రాయమంటారా అందావిడ.

ఆయన కుడిచెయ్యి దానంతటది లేచింది. అరచెయ్యి అడ్డంగా తిరగబోయింది. నేను చూశాను, ఆయనా చూసుకున్నారు. ఎడమచేత్తో ఆ మణికట్టు పట్టుకుని కిందికి దించారు.

"యెస్" అన్నారు.

మరీ పొద్దున్నే కదా సర్, పేషెంటుకి ఇబ్బందైతే మార్చిలో చూడమంటారా అని ఆవిడ ఇంకో దారి చూపించింది. ఇన్నాళ్ళూ ఆయన ఎదురుచూసిన బతిమాలడం ఆ రూపంలో వచ్చింది.

"నో మార్చ్" అన్నారు రాజుగారు. గొంతు కాస్త పెరిగింది. "ట్వంటీ సిక్స్. గివ్."

రాసేసింది. తొమ్మిదీ యాభై ఎనిమిదికి ఫోను పెట్టేశారు. గోడకి ఆనుకుని నిలబడ్డారు. మొహంలో సంతోషం లేదు. ఎవరింటికో పిలవకుండా వెళ్ళి పీట వేసుకుని కూర్చున్నవాడిలా ఉన్నారు.

"గివ్ అన్నానండి" అన్నారు. "ప్లీజ్ కూడా అనలేదు. ఆవిడ ఏమనుకునుంటారు?"

ఏమీ అనుకోరండి అన్నాను. ఆయన నమ్మలేదు.

ఫోనుకి మెసేజు వచ్చింది. దాన్ని అలివేలుమంగగారికి చదివి వినిపించాలి, ఎక్కడైనా తడబడితే అందుకోడానికి పక్కన ఉండమని నన్ను స్కూటరు ఎక్కించుకున్నారు. గట్టు పక్క ఇల్లు. ఆవిడ వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో చేటలో చిక్కుళ్ళు. వేళ్ళతో తడిమి ఈనెలు తీస్తున్నారు. నా అడుగుల చప్పుడుకి తలెత్తి, ఎవరండీ అన్నారు. పదిహేనేళ్ళుగా తెలిసినవాణ్ణి, ఆవిడకి ఆరడుగుల దూరంలో ఉన్నాను.

రాజుగారు మెసేజు చదివారు. డియర్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో మాటా ఆగి ఆగి, పేషెంటు నంబరుతో సహా. అరగంట ముందు రావాలి, పాత రిపోర్టులు తేవాలి, వెంట ఒకరుండాలి అన్నదాకా. ఒక్కచోట కూడా నన్ను చూడలేదు. ఆవిడ ఈనెలు తీయడం ఆపి శ్రద్ధగా విన్నారు.

"అంటే ఏంటండి?" అన్నారు.

"రమ్మన్నారండి. ఇరవయ్యారున, పొద్దున్నే."

"మొన్నట్నుంచీ స్టూడియోకి వెళ్ళేది దీనికేనా?"

"ఆయ్."

ఆవిడ చేటలోంచి ఇంకో చిక్కుడుకాయ తీసుకుని, "ఎన్నిసార్లు అడిగారండి వాళ్ళు?" అన్నారు.

"ఒక్కసారే."

"మీరేమన్నారు?"

"సరేనన్నానండి."

"ఒక్కసారికేనా?"

రాజుగారు నా వైపు చూశారు. ఈ ప్రశ్న నోటు పుస్తకంలో లేదు. చెరువులో ఏరియేటర్లు నీళ్ళని కొడుతున్నాయి. పెళ్ళయి ముప్ఫై నాలుగేళ్ళయింది వాళ్ళకి. ఆయన ఎక్కడ ఎన్నిసార్లు చెయ్యి అడ్డం పెడతారో ఆవిడకి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది?

"అయితే ఈ కన్ను కూడా పోయేట్టుందన్నమాట" అన్నారావిడ.

లేదండి అనడానికి రాజుగారు నోరు తెరిచారు. తువ్వాలు భుజం మీంచి తీశారు. మడత మార్చలేదు, ఊరికే పట్టుకున్నారు.

ఆవిడ చేట పక్కన పెట్టి, కుర్చీ చెయ్యి పట్టుకుని లేచారు. గోడ వెంట అరచెయ్యి ఆనించుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"చెన్నై బండికి టిక్కెట్లు చూడండి. మీరు కిందిది నాకిచ్చేసి పైబెర్తు ఎక్కుతానంటారు, మీ మోకాలు ఎక్కనివ్వదు. రెండూ కిందివే అడగండి" అన్నారు. "గట్టిగా అడగండి."

"ఆయ్" అన్నారు రాజుగారు. ఫోను తీసి, కళ్ళజోడు పెట్టుకుని, అక్కడే మెట్టు మీద కూర్చున్నారు.